దెబ్బ తగిలిన దుప్పిని వదిలేసి వచ్చేది వేట కాదు



పోస్టు పెద్దది. సగం చదివి కింద కామెంట్ పెట్టొద్దని ముందే బతిమాలుకుంటున్నాం. తిట్టాలనిపిస్తే మొత్తం చదివాకే తిట్టండి, పడతాం.

ఇటుకల పండగ అయి నెల దాటలేదు. పండగ రోజుల్లో వేటకి పోయిన వీడియోలు అందరి ఫోన్లలో తిరిగాయి. ఒకదాంట్లో దుప్పికి దెబ్బ తగిలింది. అది మూడు కాళ్ళ మీద పొదల్లోకి పోయింది. వెనకాల కేకలు, ఈలలు, దానికో పాట. వీడియో అక్కడితో అయిపోయింది. కింద కామెంట్లు మాత్రం అయిపోలేదు. బయటోళ్ళేమో "వీళ్ళింతే, అడవి మనుషులు" అన్నారు. మనోళ్ళేమో "మా పండగ, మా అడవి, మా ఇష్టం" అన్నారు. రెండొందల కామెంట్లు చదివినా ఒక్క ప్రశ్న కనపడలేదు. ఆ దుప్పి తర్వాత ఏమైంది?

మా హాస్టల్ గదిలో ఈ ప్రశ్న మీదే మూడు రాత్రులు మాట్లాడుకున్నాం. మాలో బగత వాళ్ళున్నారు, కొండదొర వాళ్ళున్నారు, కోదు, కోయ వాళ్ళున్నారు. అందరం ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్ళమే. వేట తప్పని చెప్పే పెద్దరికం మాకు లేదు, వేట గొప్పని చెప్పే తొందరా లేదు. కానీ ఒక మాట మాత్రం గట్టిగా అనాలనిపించింది. సంప్రదాయం పేరు చెప్పుకునే ముందు ఆ సంప్రదాయం పూర్తిగా ఏం అడిగేదో తెలుసుకోవాలి.

మన తాతల వేటలో బాణం వెయ్యడం సగం పనే. మిగతా సగం బాణం తగిలాక మొదలయ్యేది. ఈ మాట మాలో ఏ ఊరి నుంచి వచ్చినోడిని అడిగినా ఒకేలా చెప్పాడు. వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో విన్నవన్నీ ఒకచోట పెడితే ఒక పాఠంలాగే తయారైంది. వినండి.

దెబ్బ తగలగానే పరిగెత్తకూడదు. ఇది మొదటి మాట. తరిమితే జంతువు భయంతో కొండలు దాటిపోతుంది. వదిలేస్తే కొంత దూరం పోయి, వెనక ఎవరూ రావట్లేదని నిలబడి, తర్వాత పడుకుంటుంది. అందుకే వేసినోడు ఉన్నచోటే కూర్చోవాలి. అది ఎక్కడ నిలబడి ఉండగా తగిలిందో, ఏ చెట్టు పక్క నుంచి పోయిందో కళ్ళతో గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత ఆ చోటికి పోయి నేల చూడాలి. రాలిన వెంట్రుకలు చూడాలి, నెత్తురు రంగు చూడాలి. ఎర్రగా నురగ నురగగా ఉంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, ఎక్కువ దూరం పోదు. నల్లగా చిక్కగా ఉంటే కాలేజానికి తగిలినట్టు, ఆగాలి. నెత్తురులో పచ్చగా నమిలిన ఆకు కలిసి వాసనొస్తే పొట్టకి తగిలినట్టు. అప్పుడు పూట పూటంతా ఆగాల్సిందే. తొందరపడి లేపితే మళ్ళీ దొరకదు, ఎక్కడో పొదలో రెండు రోజులు బాధపడి చస్తుంది.

జాడ మీద నడవకూడదు, జాడ పక్కన నడవాలి. మన కాలు పడితే ఆ గుర్తు పోతుంది. ప్రతి నెత్తురు చుక్క దగ్గరా కొమ్మ విరిచో, ఆకు తిప్పో ఆనవాలు పెట్టాలి. వెనక్కి తిరిగి ఆ ఆనవాళ్ళ వరస చూస్తే జంతువు ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. గడ్డి మొదట్లో నెత్తురుంటే దెబ్బ కాలికి, నడుమెత్తు ఆకుల మీద ఉంటే దెబ్బ పైన. డెక్కలు విచ్చుకుని లోతుగా దిగితే పరుగు. ఒక డెక్క ఈడ్చిన గీత ఉంటే ఆ కాలు పోయింది. నెత్తురు ఆగిపోయాక అసలు పని మొదలు. తిరగబడిన ఎండుటాకు తడి వైపు చూడాలి, తెగిన సాలెగూడు చూడాలి, ఈగలు, చీమలు ఎక్కడ మూగాయో చూడాలి. జాడ తప్పితే ముందుకి ఊహించుకుని పోకూడదు. ఆఖరి ఆనవాలు దగ్గరికి తిరిగొచ్చి, అక్కడ ఒకడిని నిలబెట్టి, మిగతావాళ్ళు దాని చుట్టూ చిన్న చుట్టు, పెద్ద చుట్టు తిరగాలి. ఎక్కువమంది ఉండకూడదు. మాటలుండకూడదు.

దొరికాక కూడా ఒక పద్ధతుంది. ఎదురుగా పోకూడదు, వెనక నుంచి పోవాలి. ప్రాణం ఉందో లేదో కన్ను చూసి తెలుసుకోవాలి. ఉంటే ఆలస్యం చెయ్యకూడదు. ఇదీ వరస.

ఇందులో జాలి ఒక్కటే లేదు, అవసరం కూడా ఉంది. చైత్రం ఎండలో చచ్చిన జంతువుని పూటలోపల పట్టుకోకపోతే మాంసం పాడైపోద్ది. ఊరంతా పంచుకోవాల్సిన కూర అది. ఇనుప ములికి ఉన్న బాణం పోయినా నష్టమే. అన్నిటికన్నా ముఖ్యం, దెబ్బతిన్న జంతువుని అడవికి వదిలేసి వచ్చినోడికి ఊళ్ళో మాట పడేది. ఇటుకల పండగకి ఉత్త చేతుల్తో వచ్చిన మగోళ్ళని ఆడోళ్ళు ఆటపట్టిస్తారు, పేడనీళ్ళు చల్లుతారు, అందరం చూసినదే. అది నవ్వులాట. కానీ దెబ్బ కొట్టి వదిలేసొచ్చినోడి విషయంలో నవ్వులాట ఉండేది కాదని మా ముసలోళ్ళు చెప్తారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ పోయి వెతకాల్సిందే.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. బైకు క్లచ్ వైరుతో ఉచ్చు పెడుతున్నారు. పొలం గట్టు మీద కరెంటు తీగ లాగుతున్నారు. ఉచ్చుకి కళ్ళు లేవు. కడుపుతో ఉన్న దుప్పి అని చూడదు, ఎలుగని చూడదు, పక్కింటి మేకని చూడదు. పెట్టినోడు ఇంట్లో నిద్రపోతాడు, పడినది రాత్రంతా తన్నుకుంటుంది. తెంపుకుని పోతే ఆ వైరు మెడకో కాలికో బిగుసుకుని లోపలికి దిగుతూనే ఉంటుంది. దాని వెనక జాడ పట్టుకుని ఎవరూ పోరు, ఎందుకంటే దెబ్బ కొట్టినోడెవడూ అక్కడ లేడు. కరెంటు తీగకి మనుషులు, పశువులు చచ్చిపోయిన వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ పేపర్లలో చదువుతూనే ఉన్నాం. దీన్ని వేట అని మన తాతలు అనరు. వీడియో కోసం దెబ్బ కొట్టి, వీడియో అయ్యాక టిఫిన్‌కి పోయేదాన్ని కూడా అనరు.

అందుకే మేం అంటున్నాం. సంప్రదాయం అని పేరు పెట్టుకుని, అందులో సుళువైన సగం ఉంచుకుని కష్టమైన సగం వదిలేస్తే అది సంప్రదాయం కాదు. విల్లు ఒక్కటే మన సంస్కృతి కాదు. విల్లు వేశాక వెనకాల నడిచిన ఆ నాలుగు కోసుల నడక కూడా మన సంస్కృతే.

ఇక చట్టం సంగతి. చాలామంది తమ్ముళ్ళకి ఇది సగమే తెలుసు, అందుకే విడమర్చి రాస్తున్నాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో సెక్షన్ 9 వేటని నిషేధిస్తుంది. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వెయ్యడం, వీటికి ప్రయత్నం చెయ్యడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒకటో షెడ్యూల్లో ఉన్న జంతువైతే మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, పాతికవేలకి తగ్గకుండా జరిమానా. "మనకి అటవీ హక్కుల చట్టం ఉంది కదా" అని కొందరు అంటున్నారు. 2006 చట్టం సెక్షన్ 3 తీసి చదవండి. మనం ఆనవాయితీగా అనుభవిస్తున్న మిగతా హక్కులన్నీ ఇస్తూనే, వేటాడే హక్కుని మాత్రం పేరు పెట్టి పక్కన పెట్టారు. పండగ అని చెప్పినా, తినడానికి అని చెప్పినా కేసు ఆగదు.

కేసు పడితే ఏమవుద్దో మాకు బాగా తెలుసు. మాలో సగంమంది కానిస్టేబులు, బీట్ ఆఫీసరు, గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నోళ్ళమే. ఉద్యోగం వచ్చాక పోలీసు వెరిఫికేషన్ ఫారంలో కేసులున్నాయా అని అడుగుతారు. వీడియోలో దుప్పి పక్కన నవ్వుతా నిలబడ్డ తమ్ముడికి ఆ ఫారం రోజు ఈ పాట గుర్తు రాదు. అమ్మానాన్న అప్పు చేసి పంపిన చదువు ఒక్క రీలు కింద పోకూడదని మా భయం.

ఇంత రాశాక కొందరు అనుకుంటారు, హాస్టల్ పిల్లలు ఫారెస్టోళ్ళ మాట మాట్లాడుతున్నారని. కాదు. ఇప్పుడు రెండో వైపు కూడా రాస్తాం.

అడవిలో మృగాలు తగ్గింది మన బాణాల వల్లనా? తెల్లదొరలు, రాజులు, జమీందార్లు తుపాకులతో ఏనుగుల మీదా జీపుల మీదా పోయి ఆడిన షికార్లు ఎవరి లెక్కలోకి వస్తాయి? వాళ్ళ బంగళాల గోడల మీద ఆ కొమ్ములు ఇప్పటికీ ఉన్నాయి. 1882 మద్రాసు అటవీ చట్టం మన కొండల మీద పడ్డాక మన కాలిబాటలే నేరమయ్యాయి. 1922 నుంచి 1924 దాకా మన్యం ఎందుకు తిరగబడిందో ఈ గ్రూపులో ఉన్నోళ్ళకి చెప్పక్కర్లేదు. 1972 చట్టం వచ్చినప్పుడు కూడా లైసెన్సు ఉన్నోడు వేటాడొచ్చని అందులో ఉండేది. తుపాకీ, ఫీజు, ఆఫీసులో పరిచయం ఉన్నోడికి దారి ఉంది. విల్లు ఉన్నోడికి దారి లేదు. ఆ లైసెన్సుల దారి 1991 సవరణతో గానీ మూసుకోలేదు.

ఒక సినిమా హీరో కృష్ణజింకల కేసు 1998లో మొదలైతే కింది కోర్టు తీర్పు 2018లో వచ్చింది. అయిదేళ్ళ శిక్ష పడింది, రెండు రోజుల్లో బెయిల్ మీద ఇంటికి వచ్చాడు. మన ఊళ్ళల్లో వకీలు దొరకడానికే రెండు రోజులు చాలవు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అదే 1972 చట్టంలో సెక్షన్ 65 అని ఒకటుంది. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకి 1967లో ఇచ్చిన వేట హక్కులకి ఈ చట్టం అడ్డు రాదని అందులో రాశారు. అంటే ఆదివాసీకీ వేటకీ ఉన్న సంబంధం ఢిల్లీలో చట్టం రాసినోళ్ళకి తెలియక కాదు. సముద్రం అవతల ఉన్నోళ్ళకి గుర్తు పెట్టుకున్నారు, కొండమీద ఉన్నోళ్ళకి పెట్టుకోలేదు. ఇది మాట్లాడాల్సిన విషయమే, సభల్లో అడగాల్సిన విషయమే. కానీ అడిగే రోజున మన చేతుల్లో ఏం ఉండాలి? క్లచ్ వైరు ఉచ్చు ఉంటే ఎవరు వింటారు? "మా వేటకి కట్టుబాటు ఉంది, దెబ్బతిన్నదాన్ని వదలం, ఆడదాన్ని ముట్టం, అవసరానికి మించి తీసుకోం" అని చెప్పాలంటే ఆ కట్టుబాటు ఈరోజు ఊళ్ళో బతికి ఉండాలి కదా.

పైగా ఈ జాడ పట్టే విద్య చిన్నది కాదు. జర్మనీలో వేట చట్టబద్ధం. అక్కడ బాగా దెబ్బతిన్న జంతువుని బాధపడనివ్వకుండా వెంటనే ముగించాలని చట్టంలోనే రాసి ఉంది. దాని కోసం నెత్తురు వాసన పట్టే కుక్కలకి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు. మన తాతలు నోటిమాటగా చెప్పింది వాళ్ళు సెక్షన్ నంబరు వేసి రాసుకున్నారు, అంతే తేడా.

దక్షిణాఫ్రికాలో లూయీ లీబెన్‌బర్గ్ అనే ఆయన కలహారి ఎడారిలో శాన్ వేటగాళ్ళతో తిరిగి 1990లో ఒక పుస్తకం రాశాడు. జాడ పట్టడమే సైన్సుకి మొదలు అని ఆయన వాదన. గుర్తు చూడాలి, ఒక ఊహ చెయ్యాలి, ముందుకి పోయి ఆ ఊహ నిజమో కాదో చూసుకోవాలి, తప్పైతే వెనక్కి రావాలి. మాకు డిగ్రీలో సైంటిఫిక్ మెథడ్ అని చెప్పిన పాఠం కూడా ఇదే. ఆఖరి ఆనవాలు దగ్గరికి తిరిగి రమ్మన్న తాత మాట కూడా ఇదే. ఆయన అక్కడితో ఆగలేదు. చదువు రాని వేటగాళ్ళు కూడా బొమ్మలు నొక్కి తాము చూసిన జాడలు ఎక్కించేలా సైబర్‌ట్రాకర్ అని ఒక సాఫ్ట్‌వేర్ చేయించాడు. జాడ పట్టేవాళ్ళకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి తెచ్చాడు. అక్షరం రాని మనిషికి, తన విద్యలో, సర్టిఫికెట్! ఇది చదివిన రోజు మా గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మా నాన్నల దగ్గర ఉన్నదానికి ఇక్కడ ఏ కాగితమూ లేదు. మాకున్న కాగితాలకి వాళ్ళ దగ్గర ఉన్నది రాదు.

మన దగ్గర కూడా ఈ విద్య వాడుతూనే ఉన్నారు, పేరు చెప్పరు అంతే. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అడవిలో బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగేవాళ్ళల్లో చెంచులున్నారు. నాలుగేళ్ళకోసారి దేశమంతా పులుల లెక్క తీసేటప్పుడు అడవిలో నడిచి జాడలు, పెంటికలు, గీతలు చూసి రాయాలి. ఆ నడకలో దారి తెలిసిన ఊరి మనిషి లేకపోతే పని కాదు. లెక్క రిపోర్టులో మాత్రం ఆ మనిషి "లోకల్ హెల్పర్".

కాబట్టి మేం అనేది ఇది. ఒక్కొక్కటిగా చెప్తాం.

పండగ ఆగకూడదు. పండగ రోజు అడవికి పోవడం కూడా ఆగకూడదు. చంపడం ఆపొచ్చు. విల్లు పట్టుకునే పోదాం, గురి పందెం ఊరి బయట దుంగ మీద పెట్టుకుందాం. అడవిలో మాత్రం జాడల పందెం పెట్టుకుందాం. ఏ జట్టు ఎన్ని జంతువుల జాడ చూసింది, ఎంత దూరం తప్పకుండా పట్టింది, ముసలోళ్ళు కూర్చుని తీర్పు చెప్పాలి. ఆడోళ్ళు ఇంకా బాగా ఆటపట్టించొచ్చు. "ఏం తెచ్చావు" అనే బదులు "ఏం చూశావు" అని అడిగితే అబద్ధం చెప్పేవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. ఇది దొంగ పండగ అవుద్దని కొందరు అన్నలు అంటారు. అన్నా, క్లచ్ వైరు తెచ్చిన రోజు ఈ మాట అనాల్సింది కదా. నేల చదవడం అబద్ధం కాదు. అదే పాత పండగలో గట్టి సగం.

ఉచ్చులు, కరెంటు తీగలు ఊరే తియ్యాలి. 2006 చట్టం సెక్షన్ 5 అడవినీ అందులో జంతువులనీ కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. హక్కు పత్రాల కోసం ఆ చట్టం పట్టుకుని తిరిగే మనం, ఈ సెక్షన్ ఎందుకు తెరవం? గ్రామసభ తీర్మానం చేసి నెలకోసారి కుర్రాళ్ళు అడవి చుట్టూ తిరిగి ఉచ్చులు ఏరుకొస్తే, రేపు మన అడవి మీద మాట్లాడే హక్కు మనకి ఇంకా గట్టిపడుద్ది.

కుక్కలు కరిచిన దుప్పి, బండి గుద్దిన కొండగొర్రె, ఉచ్చు తెంపుకుని పోయిన కణుజు కనపడితే కోసుకోవద్దు, అలాగని వదిలేసి రావొద్దు. చట్టం ప్రకారం అడవి జంతువు సర్కారు ఆస్తి. చేతికి వస్తే 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ ఫారెస్టు అధికారికి గానీ చెప్పాలి. చెప్పేటప్పుడు ఒంటరిగా పోకండి, వార్డు మెంబరుతోనో సర్పంచుతోనో పోయి, చెప్పిన టైము కాగితం మీద రాయించుకోండి. చెప్పినోడి మీదే కేసు రాస్తారన్న భయం ఊళ్ళల్లో ఉంది. అది ఊరికే పుట్టిన భయం కాదు. ఆ భయం పోగొట్టే బాధ్యత అధికారులదే. కబురు చెప్పిన వాడిని ముద్దాయిలా కూర్చోబెడితే, రేపటి దుప్పి గురించి ఎవడూ చెప్పడు. దెబ్బతిన్న జంతువు పొదల్లోకి పోయిందంటే దాన్ని వెతకగలిగేది ఆ ఊరి మనిషే. డాక్టరు సూది పట్టుకుని రోడ్డు మీద నిలబడితే దుప్పి తనంతట తను రాదు.

సర్కారుని అడిగేది ఒక్కటి. జాడ పట్టేవాళ్ళని కూలీ లెక్కలో కాదు, నైపుణ్యం ఉన్న ఉద్యోగుల లెక్కలో పెట్టండి. ఇంటర్ సర్టిఫికెట్ అడిగే ముందు అడవిలోకి తీసుకుపోయి పరీక్ష పెట్టండి. పరీక్ష పెట్టేవాళ్ళల్లో మన ముసలోళ్ళు ఉండాలి. నెలనెలా జీతం ఉండాలి, ప్రమాదం జరిగితే కుటుంబానికి దిక్కుండాలి.

ఆఖరిది మనలాంటి హాస్టల్ పిల్లలకి. సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఫోను ఎలాగూ చేతిలో ఉంటది. తాతనో, మావనో, పెద్దనాన్ననో తీసుకుని ఒక పూట కొండకి పోండి. నేల మీద కనపడేదాన్ని వాళ్ళు మన భాషలో ఏ పేరుతో పిలుస్తారో రికార్డు చెయ్యండి. తాజా జాడకి ఒక మాట, పాత జాడకి ఒక మాట, ఈడ్చిన గీతకి ఒక మాట ఉంటాయి. కువిలో ఉన్నవి, కోయలో ఉన్నవి, ఆదివాసీ ఒడియాలో ఉన్నవి, అన్నీ రాయండి. తెలుగులోకి మార్చకుండా ముందు ఉన్నది ఉన్నట్టు రాయండి, అర్థం తర్వాత రాసుకోవచ్చు. అడవికి పోయినప్పుడు అత్తల్ని, అమ్మమ్మల్ని వదిలేసి పోవద్దు. దుంపల కోసం, అడ్డాకుల కోసం రోజూ కొండెక్కేది వాళ్ళే, ఏ నీటి దగ్గరకి ఏది ఎప్పుడు వస్తుందో వేటగాళ్ళకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు.

వర్షాలు మొదలవక ముందే ఈ పని అవ్వాలి. తడి నేల మీద జాడ బాగా కనపడుద్ది గానీ, పొలం పనులు మొదలైతే నేర్పేవాళ్ళకి తీరిక ఉండదు. ఎవరి ఊళ్ళో ఎవరు బాగా జాడ పడతారో కింద రాయండి. పేర్లు, ఫోను నంబర్లు వద్దు, ఊరు, మండలం చాలు. పది ఊళ్ళైనా తేలితే, వచ్చే ఏడు ఇటుకల పండగకి జాడల పందెం ఎక్కడ పెట్టాలో కూర్చుని మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.